తేరిన నీరు

ఆరు ఋతువులనూ మన ప్రాచీన కవులు వర్ణించారు. అయినా శరత్తు దగ్గరకు వచ్చేసరికి వారి వాక్కుకు ఒకవిధమైన నెమ్మది వస్తుంది. వర్షాకాల వర్ణనలోని ఉరుములూ, ఉద్వేగమూ సద్దుమణిగి మాట తేలికపడుతుంది. వాల్మీకి కిష్కింధాకాండలో శరత్తును చూపించాడు. కాళిదాసు ఋతుసంహారంలో దానికొక సర్గ కేటాయించాడు. ఆదికవి నన్నయ భారతరచన అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గరే ఆగిపోయింది. తరువాతి కథ చెప్పడానికి వేరే కవులు రావలసివచ్చింది. తెల్లని మేఘాలు, రెల్లుపూలు, హంసలు, పండిన వరిచేలు, వెన్నెల - వీటిలో కొన్ని కవికీ కవికీ మారుతుంటాయి. మారనిది ఒక్కటే. నీరు తేటపడుతుంది. అగస్త్య నక్షత్రం ఉదయించగానే నదుల కలక తీరిపోతుందని కవుల నమ్మకం.

నక్షత్రానికీ నీటికీ కార్యకారణ సంబంధమేమీ లేదు. నైరుతి ఋతుపవనాల ఉద్ధృతి తగ్గుతుంది. కొండల నుంచి మట్టి కొట్టుకురావడం ఆగుతుంది. ప్రవాహవేగం మందగించి, నీటిలోని ఒండ్రు అడుగుకు చేరుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే తెల్లవారుజామున దక్షిణాకాశంలో అగస్త్యుడు కనబడతాడు. కవులకు ఆ మాత్రం పొత్తు చాలు.

పల్లెల్లో దీనినే నీరు తేరడం అంటారు. వరదనీటిని కుండలో పోసి, కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి, తెల్లవారేసరికి తేరిన నీటిని పైపైన వంచుకొనే అలవాటు మా తల్లుల కాలం దాకా ఉండేది. జబ్బు నుంచి లేచిన మనిషిని కూడా తేరుకున్నాడనే అంటాం. నీటికీ మనిషికీ ఒకే క్రియ! ఏ వ్యాకర్త పెట్టిన నియమమో గాని, చక్కగా ఉంది.

నేను ముప్పై ఏళ్ల కిందట ఉపన్యాసకుడిగా శ్రీకాకుళం వచ్చినప్పుడు, ప్రబంధాలలోని ఋతువర్ణనలు నాకు దాదాపు కంఠస్థం. పరిశోధన పూర్తిచేసిన వేడి ఇంకా చల్లారలేదు. ఊరి నడుమ నాగావళి పారుతుంది. దానికి లాంగుల్య అని సంస్కృత నామం; బలరాముడు నాగలితో చాలు తీయగా పుట్టిందని స్థలపురాణం. జిల్లాలో మరొక పెద్ద నది వంశధార. ఒడిశా కొండలలో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీని దాటి, శ్రీముఖలింగేశ్వరుణ్ణి చూసుకొని, శాలిహుండం కొండ పక్కగా పోయి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. శాలిహుండం మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక ఆశ్వయుజ మాసంలో ఆ కొండ ఎక్కాను. పైనుంచి చూస్తే నది పొడుగునా రెండు రంగులు కనిపించాయి. ఎగువన లేత ఆకుపచ్చ, దిగువన ముదురు నీలం. కింద ఒడ్డున ఒక ముసలాయన మోకాలి లోతు నీటిలో నిలబడి, చేతిలో తాడు పట్టుకొని, ఎంతసేపటికీ కదలకుండా ఉన్నాడు. ఆ తరువాతి ఆదివారం నేను ఒంటరిగా వెళ్లాను. అటుపిమ్మట ఎన్ని ఆదివారాలు వెళ్లానో లెక్క లేదు.

ఆయన జాలరి. వయస్సు అప్పటికే అరవై దాటింది. నేను తాతా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను మొదట్లో మేస్టారూ అనీ, చనువు పెరిగాక బాబూ అనీ పిలిచేవాడు. నది సముద్రంలో కలిసే చోటును ఆయన 'మొగ' అనేవాడు. సముద్రపు నీరు ఏటిలోకి ఎక్కితే పోటు, తిరిగి దిగితే పాటు. సంగమం, సాగరముఖం, వేలాతరంగం వంటి మాటలు కావలసినన్ని తెలిసిన నాకు, రెండక్షరాల మాటలు ఇంతింత పని చేయడం ఆశ్చర్యంగా ఉండేది. ఆ ప్రాంతానికి ఈ గుణం ఉన్నట్టుంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటి నుంచే సవర భాష నేర్చుకొని, దానికి నిఘంటువు కూర్చినవారు కదా.

తాత వేట పండుగప్ప కోసం. వరద రోజుల్లో మొగ దగ్గర ఆయన గాలం వేసేవాడు కాదు. "ఏరు మట్టి తాగి ఉంది, ఇప్పుడేటి కనబడతాది దానికి?" అనేవాడు. విజయదశమి దాటాక అసలు పని మొదలు. విజయనగరంలో దశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు జరుగుతుంది. ఆ సిరిమాను ముందు బెస్తవారి వల నడుస్తుంది. అమ్మవారి విగ్రహాన్ని పెద్దచెరువు నుంచి వెలికితీసింది జాలరులేనన్న ఐతిహ్యానికి అది గుర్తు. తాత ఏటేటా ఆ ఉత్సవానికి వెళ్లి, ఆ వలను కళ్లకద్దుకొని వచ్చి, మర్నాడు గాలం బయటికి తీసేవాడు.

పండుగప్పను ఆంగ్లంలో సీబాస్ అంటారు. వంగదేశంలో భెట్కి, ఆస్ట్రేలియాలో బారముండి. దీని జీవితం ఒక ప్రబంధానికి సరిపోతుంది. మొగ దగ్గరి ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క తల్లిచేప లక్షల సంఖ్యలో పెట్టగలదు. పొదిగి బయటపడ్డ పిల్లలు పోటుతో పాటు కయ్యల్లోకి, మడుగుల్లోకి, ఏటి తీపినీటిలోకి ఎక్కిపోతాయి. అక్కడ రెండుమూడేళ్లు పెరిగి, ఈడు వచ్చాక మళ్లీ ఉప్పునీటికి దిగివస్తాయి. దిగివచ్చేటప్పుడు సాధారణంగా అన్నీ మగవే. మరికొన్నేళ్లు గడిచి పెద్దవైన తరువాత వాటిలో చాలావరకు ఆడవిగా మారిపోతాయి. పురాణాలలో ఇలుని కథ చెప్పినప్పుడు విద్యార్థులు నవ్వుతారు. పండుగప్ప సంగతి చెప్పినప్పుడు నవ్వరు, జీవశాస్త్రం ఉపన్యాసకుణ్ణి అడిగి నిర్ధారించుకొని వస్తారు!

తాత పనిముట్లను చూస్తే ఎవరికైనా చిన్నచూపే కలుగుతుంది. ఒక కొయ్యముక్కకు చుట్టిన నైలాను తాడు, దాని చివర జానెడు సన్నని ఉక్కుతీగ, తీగకు గాలం, గాలానికి పైన చిన్న సీసపు గుండు. కర్ర లేదు, బెండు లేదు. తాడు ఆయన చూపుడువేలు మీదుగా పోయేది. ఆ వేలే ఆయనకు బెండు. ఉక్కుతీగ ఎందుకని అడిగితే, పట్టిన చేప మొప్పను కప్పిన డొప్ప అంచును చూపించాడు. కత్తివాదరలా ఉంది. చేప తల విదిల్చినప్పుడు తాడు దానికి తగిలితే తెగిపోతుందట. ఎరకు బతికున్న రొయ్యో, చిరుచేపో కావాలి. దానిని గాలానికి గుచ్చడంలో కూడా ప్రాణం పోకుండా గుచ్చాలి. "సచ్చిన ఎరని పండుగప్ప మొగమెత్తి సూడదు బాబూ. దాని దరిజా దానిది" అనేవాడు.

తాడు కంటే ముఖ్యం, ఎక్కడ వేయాలన్నది. పండుగప్ప తరిమి పట్టే చేప కాదు, పొంచి పట్టే చేప. ఒడ్డు విరిగి పడిన తాటిమొద్దు చాటునో, రాళ్ల పక్కనో నిశ్చలంగా ఉంటుంది. చిరుచేప ఎదుటికి రాగానే నోరు తెరచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. చీకటివేళ ఆ గుక్క చప్పుడు ఒడ్డుకు వినబడుతుంది. టార్చి వేస్తే దాని కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. వేళ కూడా ముఖ్యమే. పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది. పోటు పూర్తిగా ఎక్కి పాటు మొదలయ్యే లోపల కొద్దిసేపు నీరు ఎటూ కదలదు. ఆ నిలకడ చెదిరి నీరు వెనక్కి మళ్లిన క్షణాన చిరుచేపలు నీటివాలున దిగడం మొదలుపెడతాయి. పండుగప్ప కోరుకొనేది ఆ క్షణాన్నే.

ఒకసారి నా చెయ్యి పట్టుకొని నీటిలో ముంచి, "పైన సూడు, కింద సూడు" అన్నాడు. పైన నీరు సముద్రం వైపు జారుతున్నది. చెయ్యి భుజం దాకా దించితే, అడుగున నీరు ఎగువకు నెడుతున్నది. ఉప్పునీరు బరువు; అందుకని అది అడుగున ఏటిలోకి చొరబడుతుంది. తీపినీరు దాని మీదుగా దిగిపోతుంది. ఒకే ఏటిలో రెండు ఏళ్లు ఎదురెదురుగా నడుస్తున్నాయి. వరదకాలంలో తీపినీటి వడి ఆ ఉప్పునీటిని పూర్తిగా బయటికి నెట్టివేస్తుంది. శరత్తులో అది మెల్లగా తిరిగి వస్తుంది. దానితో పాటే పండుగప్ప. శాలిహుండం కొండ మీదినుంచి నేను చూసిన రంగుల తేడాకు ఆ చేతిస్పర్శ వ్యాఖ్యానమైంది.

గాలపు వేట నిరక్షరాస్యుల వినోదమని కొందరి అభిప్రాయం. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉంది. సముద్రపు చేపలేవి, నదీమత్స్యాలేవి, వేటికి ఏ ఆహారం ఇష్టం, తాడు ఎలా ఉండాలి, గాలం ఎలా ఉండాలి అన్నవన్నీ రాజుగారు శ్రద్ధగా చెప్పారు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలపు వేట మీద వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం వెలువడింది 1653లో. అంటే మనవారి శాస్త్రం దానికి ఐదు వందల ఏళ్ల పెద్దది. ఈ సంగతి తాతకు చెబితే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు: "ఆ రాజుగోరు పట్టిన సేపని ఏటి సేసేవోరు?" మత్స్యవినోదమంటే వినోదమే అని చెప్పాను. "తినే పని లేనోడికి ఇనోదం, మనకి కూడు" అని ఊరుకున్నాడు. అయినా జానెడు లేని పిల్ల గాలానికి పడితే, జాగ్రత్తగా తప్పించి నీటిలో వదిలేసేవాడు. అది ఆయనకు ఎవరూ వ్రాసి ఇవ్వని చట్టం. అమెరికాలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు అక్కడి నదులలో ఆకురాలు కాలంలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపను గాలంతో పడతాడు. చలికి ముందు అది బాగా మేత మేస్తుందట. లైసెన్సు తీసుకోవాలి, కొలత చూడాలి, చాలామంది పట్టినదానిని తిరిగి వదిలేస్తారు కూడా. పేరులో బాస్ ఉన్నా దానికీ మన పండుగప్పకూ దగ్గరి చుట్టరికం లేదు. అయినా అతడు వ్రాసిన ఉత్తరంలో నీటిని గురించిన మాటలు చదివితే తాత మాటల్లాగే ఉన్నాయి: నీడ ఎక్కడ, రాయి ఎక్కడ, వడి ఎక్కడ తగ్గింది అని.

ఇక నేను ఇన్నేళ్లూ మరువలేని సంభాషణ ఒకటుంది. కార్తీకంలో ఒక సాయంత్రం, గాలానికి ఏమీ తగలని వేళ, భాగవతం దశమస్కంధంలోని శరద్వర్ణనను తాతకు వినిపించాను. లోతు లేని నీటిలో తిరిగే జలచరాలు, ఆ నీరు రోజురోజుకూ తరిగిపోతున్నదని ఎరుగవు. సంసారంలో మునిగిన మూఢులు తమ ఆయువు తరగడాన్ని ఎరుగనట్లే అని అక్కడొక ఉపమానం ఉంది. వేదాంతులకు ప్రీతిపాత్రమైన ఉపమానం. తాత చివరి దాకా విన్నాడు. తాడును వేళ్ల మధ్య సవరించుకున్నాడు.

"సేపకి తెల్దని ఎవులు సెప్పినారు బాబూ? నీరు తగ్గితే మనకంటే ముందు దానికే తెలుస్తాది. ఒళ్లంతా సెవే కదా దానికి. తెలిసినవన్నీ దిగిపోతాయి. మిగిలిపోయినవి తెలీక మిగల్లేదు, దారి దొరక్క మిగిలినాయి" అన్నాడు.

చేప పక్కలలో తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. పార్శ్వరేఖ అంటారు. నీటిలోని సూక్ష్మమైన కదలికను, వడిలోని మార్పును అది దాని ద్వారా గ్రహిస్తుంది. తాత అన్న 'ఒళ్లంతా చెవి' అదే. ఉపమానం చెప్పిన కవికి చేప ప్రధానం కాదు, మనిషి ప్రధానం. కాబట్టి ఆ శ్లోకానికి వచ్చిన లోటేమీ లేదు. కాని ఎండిపోతున్న మడుగులోని జీవిని చూసి మూఢమనడానికీ, దానికి దారి లేదనడానికీ మధ్య చాలా దూరం ఉంది. నా దృష్టిలో రెండవది పెద్ద మాట. ఆనాటి నుంచి తరగతిలో ఆ శ్లోకార్థం చెప్పవలసివచ్చినప్పుడల్లా దాని పక్కనే తాత మాటనూ చెబుతున్నాను.

దారి విషయం ఆయన ఊరికే అనలేదు. వర్షాలకు నిండిన కయ్యలకూ ఏటికీ మధ్య ఉండే చిన్నచిన్న కాలువలు పూడిపోతే, లోపల పెరిగిన పిల్లలు అక్కడే చిక్కుకుంటాయి. బ్యారేజీ తలుపులు మూసిన రోజుల్లో దిగువకు వచ్చే నీరు సన్నబడుతుంది. నీటి వడి లేకపోతే సముద్రపు అలలు మొగకు అడ్డంగా ఇసుకను మేట వేస్తాయి. ఇసుక తవ్విన చోట మడుగు, తవ్వి పోసిన చోట తిప్ప. బ్యారేజీని నిందించడానికి నాకు నోరు రాదు. నేను తినే అన్నం ఆ కాలువల కింద పండినదే. నది ఒకటే అయినా దాని మీద ఆధారపడిన ఆకలి ఒక్కటి కాదు. శరత్తు కూడా మా తీరంలో కావ్యాలలో ఉన్నంత ప్రసన్నంగా ఎప్పుడూ ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ - తుఫానులు ఈ ఋతువునే ఎంచుకుంటాయి. తిత్లీ వెంట వంశధారకు వరద వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. తేరిన నీరు ఒక్క రాత్రిలో మళ్లీ బురదైంది.

చెన్నైలోని కేంద్రీయ సంస్థ శాస్త్రజ్ఞులు 1997లోనే పండుగప్పను హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచగలిగారు. ఇప్పుడు మన రాష్ట్రంలో చెరువులలో దానిని పెంచేవారున్నారు. మార్కెట్లో చేపకు లోటు లేదు. ఏటి జాలరికి మాత్రం చేప ఉండటమూ, చేప ఏటిలో ఉండటమూ ఒకటి కాదు.

తాత పోయి పదిహేనేళ్లు దాటింది. ఆయన మనుమడు తరువాత మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. వెనక బెంచీలో కూర్చొనేవాడు. పద్యాన్ని పదవిభాగం చేయమంటే తడబడేవాడు గాని, శరద్వర్ణన పాఠం చెబుతున్నప్పుడు నీటి సంగతి వస్తే తల పైకెత్తేవాడు. పరీక్ష ప్యాసైన మరుసటి సంవత్సరం గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్లిపోయాడు. శ్రీకాకుళం, విజయనగరం తీరగ్రామాల యువకులు చాలామంది ఆ దారి పట్టినవారే. ఇంత పొడుగు తీరం ఉన్నా, పెద్ద మరపడవలు ఆగడానికి చిరకాలం మనకొక రేవు లేకపోయింది. ఆగస్టు వచ్చేసరికి రైలెక్కుతారు. నెలల తరబడి అక్కడి పడవల మీద పనిచేస్తారు. శరత్తంతా వారి ఊళ్లలో ముసలివారూ, ఆడవారూ, పిల్లలూ మిగులుతారు.

2018లో అలా వెళ్లినవారిలో కొందరు సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉండి 2020 జనవరిలో వాఘా గుండా తిరిగివచ్చారు. ఆ పడవలలో తాత మనుమడు లేడు. ఆ సంగతి తెలియడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అతని తల్లి మా ఇంటి అరుగు మీద కూర్చొని, వచ్చిన ప్రతి వార్తాపత్రికా నా చేత చదివించుకున్నది. సముద్రంలో గీత ఉంటుందా బాబూ, అది కంటికి అవుపడతాదా అని అడిగింది. నీటి మీద గీత ఉండదమ్మా, కాగితం మీదే ఉంటుందని చెప్పాను. వాడికి తెలీదా మరి అన్నది. తెలుస్తుంది, కాని చేప అటే ఎక్కువ ఉంటుంది, పడవ యజమాని అటే పొమ్మంటాడు అని నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె అప్పటికే తల ఊపుతున్నది.

అతడు ఇప్పటికీ వేరావల్‌లోనే పనిచేస్తున్నాడు. ఏటేటా ఈ రోజుల్లో ఒకసారి ఫోన్ చేస్తాడు. మొన్నటి కార్తీకంలో చేసినప్పుడు వెనక పడవల ఇంజన్ల హోరు వినిపిస్తున్నది. క్షేమసమాచారాలు అయ్యాయి. తల్లికి పంపిన డబ్బు అందిందో లేదో కనుక్కోమన్నాడు. తరువాత గొంతు కొంచెం తగ్గించి, "మొగ కాడ నీరు తేరిందా మేస్టారూ?" అని అడిగాడు.

ఆ ఉదయమే వెళ్లి వచ్చానని చెప్పాను. మోకాలి లోతులో నా కాలివేళ్లు నాకు కనిపించాయన్నాను.

"అయితే పున్నమికి దిగతాది. ఆ కిందన పడిపోయిన తాటిమొద్దు ఉందా, వరదకి కొట్టుకుపోయిందా?"

ఉందన్నాను.

"దానికి ఎగువన ఎయ్యకండి. పాటు మళ్లినాక దిగువ పక్కన, మొద్దు నీడ ఎంత దూరం పడితే అంత దూరంలో ఎయ్యండి. ఉక్కుతీగ తుప్పు పట్టిందేమో సూసుకోండి ముందు" అన్నాడు.